పెదవడ్లపూడి నుంచి ఒక మల్లె మొదలు

డిసెంబరు మొదటి వారంలో తెనాలి వైపు పోయే ప్యాసింజర్‌లో విజయవాడ నుంచి బయల్దేరాను. కృష్ణ మీద వంతెన ఎక్కగానే కుడివైపు కిటికీలన్నిటికీ జనం చేరారు. 1957 నుంచి అక్కడే ఉన్న ప్రకాశం బ్యారేజీని బెజవాడ వాళ్లం కూడా కొత్తగా చూసినట్టే చూస్తాం. కృష్ణా కెనాల్ జంక్షన్ దగ్గర గుంటూరు లైను విడిపోయాక పెదవడ్లపూడి ఎంతో దూరం లేదు.

మల్లె మొదలు ఒకటి తెచ్చుకోవడానికే ఈ ప్రయాణం. మా బాబాయి తోటలో సగం తీసేస్తున్నాడు. పువ్వుకి ధర లేక కాదు, కోసేవాళ్లు లేక. మల్లెని మొగ్గగా ఉండగానే, పొద్దెక్కకముందే కోయాలి, లేకపోతే సాయంత్రానికి విచ్చుకుని మార్కెట్లో ఎందుకూ పనికిరాదు. ఆ వేళకి తోటలోకి దిగే కూలీలు ఇప్పుడు దొరకడం లేదు.

దారిలో చికాగో నుంచి అక్క ఫోను. అక్టోబరులో పియోనీ అనే చలిదేశపు పూలమొక్క దుంపల్ని విడదీసి పెరట్లో ఇంకో చోటికి మార్చిందట. ముక్కకి మూడు నుంచి అయిదు మొలక కళ్లుండాలి, కళ్ల మీద మట్టి రెండంగుళాలు మించకూడదు, లోతుగా పడితే ఆకులే తప్ప పువ్వు రాదు అని పాఠం చెప్పింది. మార్చాక సరిగా పూయడానికి రెండు మూడేళ్లు పడుతుందట. "నీకూ ఒక దుంప పంపనా?" అంది. ఆ మొక్కకి చలికాలంలో వారాల తరబడి ఏడు డిగ్రీల లోపు చలి తగలాలి. బెజవాడ చలంటే తెల్లవారుజామున దుప్పటి మీదికి లాక్కునేంత. వద్దులే అక్కా, అన్నాను.

తోటలోకి వెళ్లేసరికి గొర్రెల మంద మల్లె ఆకు మేస్తోంది. నేను కంగారుపడితే బాబాయి నవ్వాడు. "నేనే తోలించానమ్మాయ్. నీళ్లాపి, ఆకు రాల్చి, మోకాలెత్తున కొమ్మలు కోసేస్తేనే వేసవిలో పూత. ఇప్పుడు ముద్దు చేశామా, ఆకు తప్ప మొగ్గుండదు." అక్క మొక్కకి చలి చేసే పని ఇక్కడ దాహం చేస్తోందన్నమాట. రెండూ విశ్రాంతి దొరక్కుండా పూయవు.

నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే బంక. అందుకని బాబాయి ముందురోజే నా మొదలు చుట్టూ నాలుగు బిందెలు పోయించి ఉంచాడు. జానెడున్నర దూరంలో చుట్టూ గడ్డపారతో తవ్వి, అడుగున అడ్డొచ్చిన వేళ్లను కత్తితో తెగ్గొట్టి, మట్టి గడ్డ చెదరకుండా తడి గోనెలో చుట్టారు. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒక్కరు లాగితే మట్టి రాలిపోయి ఉత్త వేళ్లు చేతికొస్తాయి.

దాంతో మళ్లీ రైలెక్కడం అయ్యే పని కాదు. మంగళగిరి మీదుగా, కనకదుర్గ వారధి దాటి ఆటోలో తెచ్చాను. దారంతా డ్రైవరు తన ఇంటి కనకాంబరాల గురించే చెప్పాడు.

మా సత్యనారాయణపురం పెరట్లో మట్టి కంటే సిమెంటు పెళ్లలే ఎక్కువ. మూరెడు వెడల్పు, మూరెడు లోతున గుంట తీసి, ఆ చెత్తంతా ఏరి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపాం. తోటలో ఎంతవరకు మట్టిలో ఉందో ఇక్కడా అంతవరకే పాతాం. చోటు విషయంలోనే తేడాలొచ్చాయి. మావారు నూతిపళ్లెం పక్కన పెడదామన్నారు. అక్కడ ఎండ పడదు. మల్లె నీడలో బతుకుతుంది, పూయదు. చివరికి గేటు పక్కన, పూటంతా ఎండ కాసే చోట పెట్టాం.

కొత్త చిగురు ఈనెలు పచ్చగా, మిగతా ఆకు పసుపుగా వచ్చింది. ఫోటో పంపితే, సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము అందదని బాబాయి చెప్పాడు. లీటరు నీళ్లకి అయిదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలిపి ఆకు తడిసేలా చల్లమన్నాడు. రెండోసారి చల్లాక వచ్చిన చిగురు పచ్చగా ఉంది. తోటలోలా ఎండగట్టడం వచ్చే ఏడాది నుంచే, ఇప్పుడు వేరు పట్టేదాకా నేల ఆరనివ్వొద్దని కూడా చెప్పాడు. ఈ వేసవికి మొగ్గలొస్తే గిల్లెయ్యమన్నాడు. మా అత్తగారు మాత్రం ఒప్పుకోవడం లేదు. ఇప్పటికే దారపుండ తెప్పించి పెట్టుకున్నారు.