వెనిస్‌లో హోటల్, తిండి: వంతెనలు లెక్కపెట్టుకుని తిరిగిన నా అనుభవం

టికెట్లు తీసుకునేటప్పుడు హోటల్ సంగతి తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాం, తీరా వెతకడానికి కూర్చుంటే పదిహేను రోజులు పట్టింది. వెళ్ళేది ముగ్గురం, నేను, మా ఆయన, అమ్మ. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మెట్లు ఎలాగోలా ఎక్కేస్తుంది, దిగడమే కష్టం, ఒక కాలు కింద మెట్టు మీద పెట్టి ఆగి, రెండో కాలు కూడా అదే మెట్టు మీదకి తెచ్చుకుని, అప్పుడు తర్వాతి మెట్టు. ఎన్ని సైట్లు తిరగేసినా చివరికి మా హోటల్ ఏదో తేల్చింది ఈ ఒక్క విషయమే.

మొదట ధర చూసి మేస్ట్రేలో వెతికాం. అది నీళ్ళ మీద ఉన్న వెనిస్ కాదు, ఇవతల నేల మీద ఉన్న ఊరు, రూములు బాగా చవక, లోకల్ ట్రైన్ ఎక్కితే పది నిమిషాల్లో వెనిస్ సాంటా లూచియా స్టేషన్, టికెట్ కూడా రెండు యూరోల లోపే. మా ఆయన దానికే మొగ్గాడు. నాకు మాత్రం మనసొప్పలేదు, ఎందుకంటే అమ్మ మధ్యాహ్నం ఒక గంట నడుం వాల్చకపోతే సాయంత్రం ఇక కదల్లేదు, మేస్ట్రేలో ఉంటే ఆ గంట కోసం స్టేషన్‌కి రావాలి, మళ్ళీ పోవాలి. పైగా పగలు వచ్చిన జనం వెళ్ళిపోయాక సాయంత్రం ఊరు ప్రశాంతంగా ఉంటుందని విన్నాం, ఆ సాయంత్రాలు వదులుకుంటే అంత దూరం వెళ్ళి ఏం లాభం. సరే లోపలే ఉందామని తేల్చుకున్నాం.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. వెనిస్ అంటే 118 చిన్న చిన్న దీవులు, వాటి మధ్య నాలుగు వందల పైచిలుకు వంతెనలు, దాదాపు అన్నిటికీ మెట్లే. బస్సులూ కార్లూ ఆగిపోయే పియాజాలే రోమా దాటితే కారు లేదు, ఆటో లేదు, పడవ దిగాక మన సూట్‌కేసు మనమే మొయ్యాలి. హోటల్ పేజీలో "సాన్ మార్కోకి (ఊరి ముఖ్యమైన చౌక్) ఐదు నిమిషాలు" అని రాస్తారు కానీ ఆ ఐదు నిమిషాల్లో ఎన్ని వంతెనలు ఎక్కి దిగాలో ఎక్కడా రాయరు. అందుకని నేను మ్యాప్ పెద్దది చేసుకుని, పడవ స్టాప్ నుంచి హోటల్ గుమ్మం దాకా దారిలో ఎన్నిచోట్ల కాలవ దాటుతున్నామో ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. ఊరి నడిబొడ్డున రియాల్తో దగ్గర ఒకటి మాకు చాలా నచ్చింది, రేటింగ్ కూడా తొమ్మిది దాటి ఉంది, దానికి మూడు వంతెనలు. కాస్తెల్లో పేట వైపు ఇంకొకటి, దానికి రెండే, కానీ రూము మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆ లిఫ్ట్ సంగతి కూడా పేజీలో లేదు, రివ్యూల్లో దొరికింది. రివ్యూలన్నీ చదువుతూ కూర్చోకుండా లిఫ్ట్, మెట్లు, వంతెన, లగేజ్ ఈ నాలుగు మాటలు పెట్టి వెతకండి, పది నిమిషాల్లో హోటల్ అసలు సంగతి తెలిసిపోతుంది.

అలా వెతగ్గా వెతగ్గా స్టేషన్ పక్కనే లిస్టా ది స్పాన్యా వీధి కనపడింది. స్టేషన్ బయటికొచ్చి ఎడమకి తిరిగితే సాన్ జెరేమియా చౌక్ మీదుగా గూల్యే వంతెన దాకా మధ్యలో ఒక్క వంతెన కూడా లేదు! మేం ఫ్లోరెన్స్ నుంచి ట్రైన్‌లోనే వస్తున్నాం, అంటే రైలు దిగి చక్రాల పెట్టె లాక్కుంటూ నేరుగా రూముకి. ఆ వీధి అంత అందమైంది కాదని అందరూ అంటారు, నిజమే, అంతా బొమ్మల కొట్లూ మాస్కుల కొట్లే. అయినా అమ్మ అలిసిపోయినప్పుడు ఐదు నిమిషాల్లో మంచం మీద ఉండటమే నాకు ముఖ్యం.

బుక్ చేసే ముందు హోటల్‌కి మెయిల్ పెట్టాను. లిఫ్ట్ ఉందా అని ఊరికే అడగలేదు, లిఫ్ట్ నేల మీద నుంచే మొదలవుతుందా, లేక కొన్ని మెట్లెక్కాక ఉంటుందా అని అడిగాను. పాత భవనాల్లో ఈ తేడా ఉంటుంది, దయచేసి మీరూ ఇలాగే అడగండి. గుమ్మం దగ్గర రెండు మెట్లు, తర్వాత లిఫ్ట్ అని ఫోటో కూడా పంపించారు. ఎలా రావాలో కూడా వాళ్ళనే రాయమన్నాను, ఎందుకంటే అక్కడ ఇంటి నంబర్లు వీధి లెక్కన ఉండవు, పేట మొత్తానికి కలిపి వేల దాకా పోతాయి, కన్నరేజో పేటలో ఫలానా నంబర్ అంటే అది ఏ సందులో ఉందో తెలీదు. రూము కాలవ వైపు కాకుండా లోపలి పెరడు వైపు తీసుకున్నాం. కాలవ వైపు ఎక్కువ డబ్బు అడుగుతారు, తీరా తెల్లారకముందే సరుకుల పడవలు, చెత్త పడవలు మొదలు. మాకు ఆ గొడవే లేదు, అమ్మ హాయిగా నిద్రపోయింది.

ఇంకో సంగతి, రాత్రి ఉన్నందుకు ఊరి పన్ను మనిషికి ఇంత అని హోటల్‌లో విడిగా కట్టాలి, మొదటి ఐదు రాత్రులకే తీసుకుంటారు. ఇది కాక 2024 ఏప్రిల్ 25 నుంచి, పగలు వచ్చి పోయే వాళ్ళకి కొన్ని రోజుల్లో ప్రవేశ రుసుము పెట్టారు, అక్కడ రాత్రి ఉండేవాళ్ళకి అది లేదు కానీ ఆ రోజుల్లో మినహాయింపు క్యూఆర్ కోడ్ ముందే తీసి పెట్టుకోవాలి. ఊళ్ళో బస్సులా తిరిగే పడవ, అంటే వపొరెట్టో, ఒక టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలే పనిచేస్తుంది. మేం 72 గంటల పాస్ తీసుకున్నాం, ఒక్కొక్కరికి 45. అమ్మ వల్ల అది పూర్తిగా గిట్టుబాటైంది, ఒకటో నంబర్ పడవ ఎక్కించి కూర్చోబెడితే పెద్ద కాలవ మొత్తం నడవకుండానే చూసేసింది.

ఇక తిండి. మొదటి రోజు సాన్ మార్కో వెనక సందులో ఒకచోట కూర్చున్నాం, ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ బాధే. మా ఆయన మెనూలో చేప 7 యూరోలు అని చూసి చెప్పాడు, దాని పక్కన చిన్న అక్షరాల్లో "ఎట్టో" అని ఉంది, అంటే వంద గ్రాములకి. వచ్చిన చేప 800 గ్రాములు, 56 యూరోలు! దాని మీద కోపెర్తో, అంటే కూర్చున్నందుకు మనిషికి 3 చొప్పున ఇంకో తొమ్మిది. రాసి ఉంది కాబట్టి ఏమీ అనలేం, కానీ తెచ్చే ముందు బరువు చెప్పి ఉంటే వద్దనేవాళ్ళం కదా. చేప చెప్పేముందు మొత్తం ఎంతవుతుందని అడగండి. మెనూలో పేరు పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటే అది ఫ్రోజెన్ సరుకు. రియాల్తో చేపల మార్కెట్ ఆది, సోమవారాలు మూసేస్తారు, మా ఆయన ఆ తర్వాత సోమవారం చేప జోలికి పోలేదు.

రెండో రోజు నుంచి బాకరోలకి మారాం. అవి చిన్న చిన్న కొట్లు, అద్దాల అల్మారాలో చికెట్టి అని చిరుతిళ్ళు పేర్చి ఉంటాయి, వేలు పెట్టి చూపించి తీసుకుని నిలబడి తినడమే, ఒక్కోటి రెండు యూరోల నుంచి. అమ్మ మాంసం, చేప రెండూ తినదు కాబట్టి నేను "సెంజా కార్నే, సెంజా పేషే" అని నేర్చుకున్నాను, మాంసం వద్దు చేప వద్దు అని. అయినా జాగ్రత్తగా ఉండాలి. బ్రెడ్ మధ్య చీజ్ పెట్టి వేయించిన మొజరెల్లా ఇన్ కరోజా చూసి అమ్మ ఇది చీజే కదా అంది, అడిగితే ఒకదాన్లో చిన్న చేప, ఇంకోదాన్లో పంది మాంసం. గొర్గొంజోలా చీజ్, అక్రోటు పెట్టిన బ్రెడ్డు, ఉడికించిన ఆర్టిచోక్ (మొగ్గలాంటి కూరగాయ) అడుగు ముక్క, ఇవి అమ్మకి బాగా నచ్చాయి.

మాకు నచ్చిన బాకరోలు ఒర్మెజినీ కాలవ గట్టు మీద ఉన్నాయి, మా రూము నుంచి అక్కడికి మూడు వంతెనలు. అక్కడికి మొదటిసారి వెళ్ళేటప్పుడు అమ్మకి చెప్పాను, మూడున్నాయమ్మా, నువ్వు పడుకో, నేను కట్టించి తెస్తాను అని. లేదు వస్తానంది. గూల్యే వంతెన పిట్టగోడ పట్టుకుని దిగింది, ఘెట్టో నువోవో అనే చౌక్‌లో బెంచీ మీద కాసేపు కూర్చుంది, తర్వాత మిగిలిన చివరి వంతెన. ఆఖరి సాయంత్రం మేం లేవకముందే చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది, "ఆ ఆర్టిచోకు అయిపోతుందేమో, త్వరగా రండి" అని.