మేడ మీది పెట్టెలో గడియారం: ఈ నెల పని

మేడ మీద ఉష్ణోగ్రతను నమోదు చేసే పెట్టెకు సంబంధించి ఈ నెల పనంతా గడియారం మీదే సాగింది. కరెంటు పోతే ఆ పెట్టెను నడిపే ఆర్డునో బోర్డుకు (ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు) సమయం గుర్తుండదు. డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ఉన్న ఏర్పాటే దీనికీ కావాలి: విడిగా ఒక గడియారం చిప్, దానికో క్వార్ట్జ్ క్రిస్టల్, మూడు వోల్టుల బటన్ సెల్. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో మోటరోలా చిప్ చేసిన పని ఇదే.

క్రిస్టల్ సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను వరసగా పదిహేనుసార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది, అంటే సెకనుకు ఒక పల్స్. ఇంత పనికి కొద్ది మైక్రోఆంపియర్లు చాలు కాబట్టే సీఆర్ 2032 బటన్ సెల్ ఏళ్ల తరబడి వస్తుంది.

గడియారం తప్పగానే చాలామంది సెల్‌నే అనుమానిస్తారు. సెల్ అయిపోతే తేదీ ఏకంగా ఏదో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. రోజుకు సెకనో రెండు సెకన్లో వెనకబడుతుంటే చూడాల్సింది క్రిస్టల్‌ను, అది ఉన్న చోటి వేడిని. శృతిదండం ఆకారంలో ఉండే ఈ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా వేగంగా కంపిస్తుంది. వేడి పెరిగినా, చలి పెరిగినా నెమ్మదిస్తుంది. 25 నుంచి ఎన్ని డిగ్రీలు దూరమైతే ఆ సంఖ్య వర్గాన్ని 0.034తో గుణించాలి, పది లక్షల్లో అన్ని వంతులు తగ్గినట్టు. 50 డిగ్రీల దగ్గర అది 21 వంతులు, రోజంతా అలాగే ఉంటే 1.8 సెకన్లు. వేసవిలో పోయిన సెకన్లను చలికాలం తిరిగి ఇవ్వదు, అదీ వెనక్కే లాగుతుంది. నన్ను ఎక్కువగా పట్టేసిన విషయం ఇదే.

కొలవడానికి జీపీఎస్ మాడ్యూల్ వాడాను. అది సెకనుకొక కచ్చితమైన పల్స్ ఇస్తుంది. దానికీ గడియారం చిప్ పల్స్‌కూ మధ్య ఎడం రోజురోజుకూ ఎంత జరుగుతోందో రాసుకున్నాను. రోజుకు 86.4 మిల్లీసెకన్లు జరిగితే పది లక్షల్లో ఒక వంతు తేడా. మొదట వాడిన గడియారం చిప్ డీఎస్ 1307 ఇంట్లో రోజుకు సెకను దాకా వెనకబడింది. మేడ మీద మూసిన పెట్టెలో రెండు సెకన్లు దాటింది.

దాని స్థానంలో డీఎస్ 3231 అనే మరో గడియారం చిప్ పెట్టాను. క్రిస్టల్ ఈ చిప్ లోపలే ఉంటుంది. చిప్ 64 సెకన్లకోసారి తన ఉష్ణోగ్రతను కొలుచుకుని కంపనాలను సరిదిద్దుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య తేడా పది లక్షల్లో రెండు వంతులు మించదని తయారీదారు హామీ, అంటే ఏడాదికి నిమిషం. కొనేటప్పుడు చిప్ మీద అక్షరాలు చదవండి: చివర ఎం ఉన్న రకంలో క్వార్ట్జ్ ఉండదు, దాని హామీ ఐదు వంతులు.

ఈ చిప్ అమర్చి బజారులో అమ్మే నీలం రంగు మాడ్యూల్‌తో ఒక జాగ్రత్త తప్పనిసరి. అందులో రీఛార్జి చేసే సెల్ కోసం డయోడు, 200 ఓమ్‌ల రెసిస్టర్‌తో ఛార్జింగ్ దారి ఉంది. ఐదు వోల్టులు ఇస్తూ మామూలు సీఆర్ 2032 పెడితే ఆ సెల్ కూడా ఛార్జి అవుతుంది, ఉబ్బి కారిపోయే ప్రమాదం ఉంది. డయోడు పక్కన 201 అని రాసి ఉన్న రెసిస్టర్‌ను సోల్డరింగ్ ఐరన్‌తో తీసేశాను. గడియారానికి దానివల్ల ఏ లోటూ లేదు.

నా చిప్ రోజుకు 60 మిల్లీసెకన్లు ముందుకు పోయింది. దీన్ని సరిచేయడానికి చిప్‌లో ఏజింగ్ రిజిస్టర్ (సవరణ అంకెను ఉంచే చోటు) ఉంది. అందులో ఒక్కో అంకె పది లక్షల్లో దాదాపు 0.1 వంతు మారుస్తుంది, ధన సంఖ్య నెమ్మదింపజేస్తుంది. 7 రాశాను. ఇప్పుడు తేడా రోజుకు పది మిల్లీసెకన్ల లోపే. సెల్ ఉన్నంతవరకు ఆ విలువ చెరిగిపోదు, సెల్ మార్చేటప్పుడు మాత్రం బోర్డుకు కరెంటు ఆపకూడదు.

చిప్‌లో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) మాత్రమే ఉంచుతున్నాను. చూపేటప్పుడు ఐదున్నర గంటలు కలుపుతుంది ప్రోగ్రాం. ఇంట్లో కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉంటే సరిగ్గా ఈ ఐదున్నర గంటల తేడాయే వస్తుంది, ఒకటి గడియారాన్ని స్థానిక సమయంగా, మరొకటి యూటీసీగా చదువుతుంది కనుక.

ఇక మిగిలింది 40 డిగ్రీల పైన పరీక్ష. అక్కడ హామీ 3.5 వంతులకు సడలుతుంది. పెట్టెకు తెల్ల రంగు వేసి, ఆ తర్వాత కొలతలు మళ్లీ మొదలుపెడతాను.