నెట్ ఫిజిక్స్: ఈఎంటీ నాకు గురుగ్రహం దగ్గర అర్థమైంది

సీఎస్ఐఆర్ నెట్ ఫిజిక్స్ రాసేవాళ్ళ కోసం ఇది. నాకు మూడోసారికి వచ్చింది. మొదటి రెండుసార్లూ ముంచింది ఈఎంటీయే (విద్యుదయస్కాంత సిద్ధాంతం), అందులోనూ అయస్కాంత క్షేత్రంలో కణాల కదలిక. సూత్రాలన్నీ నోటికి వచ్చు. పార్ట్ సీలో ప్రశ్న కాస్త తిప్పి అడిగితే మాత్రం చెయ్యి ఆగిపోయేది. తప్పు పెడితే ఐదు మార్కులు రాకపోవడమే కాదు, పైన 1.25 కోత.

నల్లగొండలో పానగల్లు వైపు రూము. పొద్దున ట్యూషన్లు చెప్పి జిల్లా గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. ఫ్యాను కింద కుర్చీ కావాలంటే మాత్రం తలుపులు తీసేసరికే అక్కడుండాలి. ఒకరోజు అక్కడ పాత పత్రికలో గురుగ్రహపు ఉపగ్రహం ఐయో గురించి చదివాను. 1979లో వాయేజర్ 1 అక్కడ అగ్నిపర్వతాలు చూసింది. వాటి పుణ్యాన సల్ఫర్, ఆక్సిజన్ సెకనుకు దాదాపు ఒక టన్ను చొప్పున గురుగ్రహ అయస్కాంత క్షేత్రంలో చేరుతుంటాయి. నోట్‌బుక్కు తీసి లెక్క మొదలుపెట్టాను.

గురుడు 9 గంటల 55 నిమిషాల్లో తన చుట్టూ తాను తిరుగుతాడు. అతని క్షేత్రంలో చిక్కిన ప్లాస్మా (ఎలక్ట్రాన్లు ఊడిన అయాన్లు, ఆ ఎలక్ట్రాన్లు కలిసిన వాయువు) కూడా అతనితోపాటే తిరగాలి. ఐయో ఉన్నచోట, అంటే కేంద్రం నుంచి 4 లక్షల 22 వేల కిలోమీటర్ల దగ్గర, దాని వేగం సెకనుకు 74 కిలోమీటర్లు. ఐయో వేగం 17 మాత్రమే. అంటే ప్లాస్మాయే వెనకనుంచి వచ్చి 57 తేడాతో ఐయోను దాటిపోతుంది. చెదిరిన ప్లాస్మా తోక ఐయోకు ముందు పడుతుంది. రెండు రోజులు నేను బొమ్మలో దాన్ని వెనకే గీసుకుంటూ కూర్చున్నా.

పరమాణువు తటస్థంగా ఉన్నంతసేపు క్షేత్రం దాన్ని ఏమీ చెయ్యదు. ఎలక్ట్రాన్ ఊడిందా, పట్టేస్తుంది. నార్కట్‌పల్లిలో కదిలిన బస్సును ఉరికి పట్టుకున్నప్పుడు భుజం ఎలా గుంజుకుపోతుందో తెలుసు కదా, అలా. మన బరువుకు బస్సు వేగం కూడా ఇసుమంత తగ్గుతుంది. మాస్ లోడింగ్ అంటే అదే. ఆ తగ్గినదాన్ని గురుడు తన భ్రమణంలోంచి, విద్యుత్ ప్రవాహాల ద్వారా పూడుస్తాడు. పోలిక ఇక్కడిదాకే. బస్సెక్కినవాళ్ళు గింగిరాలు తిరగరు, అయాన్ తిరుగుతుంది. ముందుకు పోయేది E×B డ్రిఫ్ట్ (E విద్యుత్ క్షేత్రం, B అయస్కాంత క్షేత్రం), గింగిరం గైరేషన్.

ఆ గింగిరం వ్యాసార్థం వేస్తే నాకు మీటరు కూడా రాలేదు. గంటసేపు తల పట్టుకున్నా. చూస్తే, 0.02 గాస్‌ను 0.02 టెస్లా అనుకుని వేశా! సరిచేస్తే క్షేత్రం 2 మైక్రోటెస్లా, ఒక ఎలక్ట్రాన్ పోయిన సల్ఫర్ అయాన్‌కు దాదాపు 9.5 కిలోమీటర్లు. పదివేల రెట్ల తేడా. నా మొదటి రెండు ప్రయత్నాల్లో ఎన్ని మార్కులు ఇలా పోయాయో అప్పుడు తెలిసింది.

అవే అంకెలతో విద్యుత్ క్షేత్రం మీటరుకు 0.114 వోల్టులు. చూడ్డానికి ఏమీ కాదు. ఐయో అడ్డకొలత 3,640 కిలోమీటర్లతో గుణించండి, 4 లక్షల వోల్టులు దాటుతుంది! మన పొలాల మీదుగా పోయే 400 కేవీ లైన్లకు సమానం. ఆ వోల్టేజీ నడిపే విద్యుత్ ప్రవాహం ఆల్ఫ్‌వెన్ తరంగాలుగా, అంటే ప్లాస్మాలో అయస్కాంత క్షేత్ర రేఖల వెంట పోయే తరంగాలుగా, గురుగ్రహానికి చేరి, అక్కడి ధ్రువకాంతిలో ఐయో పేరిట విడిగా ఒక చుక్క వెలిగిస్తుంది.

ప్లాస్మా డిస్పర్షన్ రిలేషన్‌కూ (తరంగం పౌనఃపున్యానికీ తరంగదైర్ఘ్యానికీ ఉన్న సంబంధం) ఇదే వాడుకున్నా. ఐయో చుట్టుపక్కల ఘన సెంటీమీటరుకు సుమారు 2 వేల ఎలక్ట్రాన్లు, అంటే ప్లాస్మా పౌనఃపున్యం 400 కిలోహెర్ట్జ్; దానికన్నా తక్కువ పౌనఃపున్యమున్న రేడియో తరంగాలను ప్లాస్మా ఆపేస్తుంది. 1955లో బర్క్, ఫ్రాంక్లిన్ గురుడి రేడియో తరంగాలు పట్టుకున్నది 22.2 మెగాహెర్ట్జ్ దగ్గర. అంత ఎక్కువ కాబట్టి ఆ ప్లాస్మా వాటిని ఆపలేదు.

మీరు శనితో వేసి చూడండి. భ్రమణం 10 గంటల 40 నిమిషాలు అనుకోండి, దాని ఉపగ్రహం ఎన్సెలాడస్ దూరం 2 లక్షల 38 వేల కిలోమీటర్లు, ఎన్సెలాడస్ వేగం సెకనుకు 12.6 కిలోమీటర్లు. తేడా నాకు 26 వచ్చింది.