కుందేలు వేరు, చెవులపిల్లి వేరు

పదకొండున్నర. ఈయన, చిన్నోడు ఎప్పుడో పడుకున్నారు. నాకే నిద్ర రావట్లేదు. "బాగుంది, అచ్చం చికెన్‌లాగే ఉంది." మధ్యాహ్నం నేను వండిన కుందేలు కూర తిని ఆయనన్నది అంతే.

నిన్న ఇక్కడ, బ్రిటన్‌లో, మా ఊరి శనివారం సంతలో అడవి కుందేళ్ళు వచ్చాయి. తోలు తీసినది ముప్పావు కిలో ఉంది. ఉప్పునీళ్ళలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున కూర్చుని ఒక్కో ముక్కా వేలితో తడిమి తుపాకీ గుళ్ళు వెతికాను. నాలుగు దొరికాయి. గుండు తగిలినచోట నల్లగా కమిలిన మాంసమంతా కోసి పారేశాను, దానికే గంట పట్టింది. ఎండుకొబ్బరి, ధనియాలు, గసాలు వేయించి నూరి, సన్న సెగ మీద రెండు గంటలు ఉడికించాను. దీనికి ఒంట్లో కొవ్వుండదు, సెగ పెరిగితే పీచైపోతుంది. అందుకే నడుం ముక్కలు ఆఖర్న వేశాను. రాగి సంగటి కెలికాను. కూర కుదిరింది, నిజంగా కుదిరింది. రెండో ముద్దకే ఆ మాట! చికెనే కావాలంటే అరగంటలో అయిపోయేది కదా. ఏదైనా కొత్తది పెడితే తెలిసిన రుచి పేరు చెప్పి తేల్చేయడం ఈయనకు మొదట్నుంచీ అలవాటు. పోయినసారి చింతచిగురుకీ ఇంతే, గోంగూరలా ఉందన్నారు.

మా అవ్వ వండిన చెవులపిల్లి తిన్నవాళ్ళెవరూ చికెన్ అనరు. మన చేలల్లో తిరిగే కుందేలును మా వైపు అలాగే అంటారు. శెనక్కాయ పెరికేసిన రోజుల్లో తాత ఎప్పుడైనా తుండుగుడ్డలో చుట్టి తెచ్చేవాడు. అవ్వ దాన్ని ఇంట్లో పొయ్యి ఎక్కనిచ్చేది కాదు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి మట్టి చట్టిలో వండేది. కోసేటప్పుడు నేను పక్కనే గొంతుక్కూర్చునేదాన్ని. కారిజం రంగులో ఉండేది మాంసం, ముదురెరుపు. ఉడుకుతుంటే అదో రకం అడవి వాసన. తాతకు ముందు పెట్టి, తర్వాత మా అందరికీ తలా రెండు ముక్కలు. ఇప్పుడు మన దగ్గర దాన్ని వేటాడడం నేరం, వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మంచిది. ఇంటికెళ్ళినా ఆ కూర ఇక లేదు.

ముదురెరుపు అని టైపు చేశాక చేయి ఆగిపోయింది. పొద్దున నేను తడిమినవి లేత గులాబీ రంగు ముక్కలు.

అసలివి రెండూ ఒక జంతువే కాదు. ఇక్కడిది బొరియ తవ్వుకుని గుంపుగా ఉంటుంది, పిల్లలు కళ్ళు మూసుకుని, బొచ్చు లేకుండా పుడతాయి. మన చేలల్లోది బొరియ తవ్వదు. గడ్డిలో గుంట చేసుకుని ఒంటరిగా పడుకుంటుంది, పిల్లలు కళ్ళు తెరుచుకునే పుడతాయి. ప్రమాదమొస్తే బొరియలో దూరేదానికీ, మైదానంలో పరిగెత్తి బతకాల్సినదానికీ కండ ఒకేలా ఎందుకుంటుంది? ఈయన కృష్ణా జిల్లా నోటికి రెండూ కుందేళ్ళే. మా అవ్వ దీన్ని చూస్తే చెవులపిల్లి అనేదే కాదేమో.

అంటే ఈయనన్నది నిజమే. రుచి కోడికి దగ్గరగానే ఉంది. నాలుక ఉన్నమాట చెప్పింది. నేనేమో ఆయన తినని కూరతో పోల్చి, మధ్యాహ్నం నుంచీ మాట్లాడలేదు. పాపం రెండోసారి అడిగి వేయించుకున్నారు కూడా.

సంతలో మాంసం అమ్మే ముసలాయన చెప్పాడు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడ రేషన్ లేకుండా దొరికిన మాంసాల్లో ఇదొకటట. 1953లో ఇక్కడి కుందేళ్ళకు మిక్సోమటోసిస్ అనే అంటుజబ్బొచ్చి రెండేళ్ళలో నూటికి తొంభై ఐదుకు పైగా చచ్చాయి. ఆ కళ్ళు వాచిన కుందేళ్ళను చూశాక వాళ్ళమ్మ మళ్ళీ ఇంట్లో వండలేదట. ఆయనకూ ఒక చట్టి గుర్తుందన్నమాట.

అయినా "చికెన్‌లాగే" బదులు ఇంకోలా అనొచ్చు. అది మాత్రం రేపు చెప్తాను.

రెండు వెనక కాళ్ళు మిగిలాయి. చిన్నోడు బడికి డబ్బాలో పెట్టమన్నాడు. ఐదో గుండు ఎక్కడైనా ఉండిపోయిందేమో, పెట్టేముందు ఎముక నుంచి మొత్తం విడదీసి మళ్ళీ ఒకసారి తడిమి చూడాలి.