కాలేజీ రిసీవర్ ప్రోలో నిలుస్తాడా? చేతుల కంటే ముందు కాళ్లు చూడండి

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే డాలస్, అట్లాంటా, కొలంబస్ ఆఫీసుల్లో పొద్దున మీటింగు మొదటి అయిదు నిమిషాలు ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కే, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రో జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే తంతుకే పోతాయి. వచ్చి పదేళ్లయినా మనవాళ్లు చాలామంది ఆ కాసేపూ ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. ఆట రూల్సు తెలియక కాదు, సూపర్ బౌల్ పార్టీలు బోలెడు అయ్యే ఉంటాయి. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడి గురించి “ఫస్ట్ రౌండ్ పక్కా” అనో “దండగ” అనో పక్క సీటాయన అంత ధీమాగా ఎలా చెప్పేస్తున్నాడో అంతుపట్టదు. ఆయన చెప్పేదాంట్లో సగం నిన్న రాత్రి టీవీలో విన్నదే. సొంతంగా చూసి తేల్చుకోవడం ఓపిక ఉన్నవాళ్లెవరైనా నేర్చుకోగలిగిన పనే. మొదలుపెట్టడానికి వైడ్ రిసీవర్, అంటే క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరిగెత్తి అందుకునేవాడు, మంచి స్థానం. చేసే పనంతా ఆరుబయట, ఒకరి మీద ఒకరుగా కనిపిస్తుంది.

ఇది ఐపీఎల్ వేలం లాంటిది కాదు. కిందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకే మొదటి ఎంపిక. 32 జట్లు, 7 రౌండ్లు, మూడు రోజులు. హైస్కూలు అయ్యాక మూడేళ్లు గడిస్తే గానీ కుర్రాడికి అర్హత రాదు. ఎంపికైనవాడి మొదటి ఒప్పందం నాలుగేళ్లు, ఎన్నో నంబరులో తీసుకున్నారో దాన్నిబట్టి జీతం దాదాపు ఖాయం. మరోపక్క, పేరు మోసిన రిసీవర్‌ని అట్టిపెట్టుకోవాలంటే ఖర్చు ఆకాశాన్నంటుతోంది. 2024 జూన్‌లో జస్టిన్ జెఫర్సన్‌కు మిన్నెసోటా వైకింగ్స్ నాలుగేళ్లకు 14 కోట్ల డాలర్లు రాసింది. కాలేజీ కుర్రాళ్ల కోసం జట్లు ఎగబడేది ఈ తేడా చూసే.

ముందు ఎక్కడ చూడాలో తేల్చుకోవాలి. మామూలు టీవీ ప్రసారంలో కెమెరా బంతి వెంట ఉంటుంది. స్నాప్ (బంతి ఆటలోకి రావడం) అయిన రెండు సెకన్లకే రిసీవర్ తెర బయటికి వెళ్లిపోతాడు, మళ్లీ కనిపించేసరికి బంతి గాల్లో ఉంటుంది. అతని పనిలో ముప్పాతిక భాగం మనం చూడనే చూడం. స్కౌట్లు, అంటే జట్ల కోసం ఆటగాళ్లను బేరీజు వేసేవాళ్లు, చూసేది ఆల్-22 అనే ఫిల్మ్. ఇరవై ఇద్దరూ ఒకే ఫ్రేములో పడేలా ఎత్తు నుంచి తీస్తారు. కాలేజీ ఆటలది బయటివాళ్లకు మామూలుగా దొరకదు. అందుకని రెండు మార్గాలు. ఒకటి, దగ్గర్లో కాలేజీ స్టేడియం ఉంటే ఎండ్‌జోన్ వెనక పై అంతస్తులో సీటు కొనడం. స్టేడియంలో చవక టికెట్లలో అదొకటి, రిసీవర్‌ని చూడ్డానికి అంతకన్నా మంచి చోటు లేదు. రెండోది, జనవరి చివర్లో అలబామాలోని మొబైల్‌లో జరిగే సీనియర్ బౌల్ ప్రాక్టీసులు. రిసీవర్‌కీ, అతన్ని కాపు కాసే కార్నర్‌కీ మధ్య ఒకరి మీద ఒకరు డ్రిల్లు ఉంటుంది. అసలు ఆట కంటే దానికోసమే స్కౌట్లు వెళ్తారు. ఒక్క హెచ్చరిక: అందులో కార్నర్‌కి సేఫ్టీ (వెనక కాపు కాసే ఆటగాడు) సాయం ఉండదు, రిసీవర్‌కి మైదానమంతా ఖాళీ. గెలుపులన్నిటికీ కొంచెం తరుగు తీసెయ్యాలి.

చూడాల్సిన మొదటి సంగతి రిలీజ్, అంటే ఆట మొదలయ్యే లైను దగ్గర నుంచి కార్నర్‌ని తప్పించుకుని బయల్దేరడం. కాలేజీలో కార్నర్లు చాలాసార్లు ఆరేడు యార్డులు వెనక్కి నిలబడతారు. ముఖం మీదికి వచ్చి నిలబడే ప్రెస్ కవరేజీని కుర్రాడు ఆట మొత్తంలో నాలుగైదు సార్లే ఎదుర్కొని ఉండొచ్చు. ఆ నాలుగైదూ వెతికి పట్టుకోండి, మిగతా అరవై స్నాపుల కంటే అవే విలువైనవి. మొదటి అడుగు ముందుకు పడుతోందా, వెనక్కి పడుతోందా? చాలామంది స్నాప్ అవగానే ముందుకాలు కాస్త వెనక్కి లాగి బయల్దేరతారు. దూరంగా నిలబడ్డ కార్నర్ మీద అది లెక్కలోకి రాదు గానీ, ప్రెస్‌లో ఆ ఒక్క అడుగులోనే కార్నర్ చెయ్యి ఛాతీ మీద పడిపోతుంది. ప్రోలో 5 యార్డులు దాటాక కార్నర్ చెయ్యి వేసి ఆపితే పెనాల్టీ, కాలేజీలో అలాంటి గీత లేదు. కాబట్టి ప్రో కార్నర్ తన బలమంతా ఆ మొదటి 5 యార్డుల్లోనే చూపిస్తాడు. అక్కడ చిక్కుకున్న రిసీవర్‌కి తర్వాత ఎంత వేగం ఉన్నా క్వార్టర్‌బ్యాక్ టైమింగు తప్పిపోతుంది, బంతి ఇంకొకరికి వెళ్తుంది.

రెండోది, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది, బ్రేక్, అంటే పరుగులో ఉన్నట్టుండి దిశ మార్చడం. రిసీవర్ పరిగెత్తే దారుల్ని రూట్లంటారు, వాటికి సున్నా నుంచి తొమ్మిది దాకా నంబర్లుంటాయి. మామూలు పద్ధతిలో బేసి సంఖ్యలు సైడ్‌లైన్ వైపు, సరిసంఖ్యలు మైదానం మధ్యకు. 2 స్లాంట్, 3 కమ్‌బ్యాక్, 6 డిగ్, 8 పోస్ట్, 9 అంటే నేరుగా పరుగు. ఒక కమ్‌బ్యాక్‌ని నెమ్మదిగా ఆడించి చూడండి. రిసీవర్ 14 యార్డుల దాకా ప్రాణం మీదికి వచ్చినట్టు పరిగెత్తాలి, కార్నర్‌కి అది 9 అనిపించాలి. తర్వాత ఒక్కసారిగా ఆగి, సైడ్‌లైన్ వైపు తిరిగి, 12 యార్డుల దగ్గరికి వెనక్కి రావాలి. అతను తిరగకముందే క్వార్టర్‌బ్యాక్ బంతి వదిలేస్తాడు. ఇక్కడ మూడు చూడాలి. ఆగబోయే ముందు చేతుల ఊపు తగ్గుతోందా? తగ్గితే కార్నర్‌కి ఉత్తరం రాసి చెప్పినట్టే. నడుము కిందికి దిగుతోందా, నిటారుగా ఉండే ఆగుతున్నాడా? ఆగడానికి ఎన్ని అడుగులు పడుతున్నాయి? రెండు మూడు అడుగుల్లో ఆగేవాడికి ఖాళీ దొరుకుతుంది. అయిదారు చిన్న చిన్న అడుగులు టకటకా వేసేవాడి మీద కార్నర్ అప్పటికే వచ్చి వాలిపోయి ఉంటాడు. పొడుగాటి కుర్రాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

డిగ్ రూట్‌లో ఇంకో జబ్బు బయటపడుతుంది. 90 డిగ్రీల మూల తిరగాల్సిన చోట గుండ్రంగా తిరగడం. కార్నర్ లోపలి దారిన వచ్చి బంతి కొట్టేస్తాడు. ఇంటర్‌సెప్షన్ క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో పడుతుంది, తప్పు మాత్రం రిసీవర్‌ది. గణాంకాల పట్టికలో ఇది ఎక్కడా కనబడదు.

గణాంకాల సంగతి వచ్చింది కాబట్టి, 80 క్యాచ్‌లు అనగానే చప్పట్లు కొట్టకుండా వాటిని విడగొట్టండి. లైను వెనకాలే అందుకున్న స్క్రీన్ పాసులు ముందు తీసెయ్యండి. కొన్ని కాలేజీల వ్యవస్థలో అవే మూడో వంతు ఉంటాయి. తర్వాత చూడాల్సింది, పరిగెత్తిన ప్రతి రూట్‌కి ఎన్ని యార్డులు వచ్చాయన్నది. రెండు దాటితే బాగుందని, మూడు దగ్గరపడితే చాలా అరుదని ఈ రంగంలో వాడుక. కొందరు కుర్రాళ్లు ఆటంతా కుడివైపే నిలబడి మూడే మూడు రూట్లు పరిగెత్తుతారు. అది తప్పని కాదు, కోచ్ అడిగింది అంతే కావచ్చు. కానీ మిగతా ఏడు రూట్లూ ఇంకా పరీక్ష రాయని సబ్జెక్టులే. మైదానం తేడా కూడా ఉంది. ప్రతి ఆటకీ బంతిని పెట్టేది రెండు హాష్ గీతల మధ్యనే; కాలేజీలో వాటి మధ్య దూరం 40 అడుగులు, ప్రోలో 18 అడుగుల 6 అంగుళాలు. బంతి ఒక పక్క హాష్ మీద ఉన్నప్పుడు కాలేజీలో అవతలివైపు బోలెడంత జాగా మిగులుతుంది. ఆ జాగాలో హాయిగా తిరిగినవాడికి ప్రోలో మైదానం ఇరుకైనట్టనిపిస్తుంది.

ఇదంతా తప్పితే ఏమవుతుందో చెప్పడానికి 2020 డ్రాఫ్ట్‌ని మించినది లేదు. ఫిలడెల్ఫియా ఈగల్స్ 21వ ఎంపికగా టీసీయూ కాలేజీ కుర్రాడు జేలెన్ రేగర్‌ని తీసుకుంది. 22వ ఎంపికలో వైకింగ్స్ ఎల్‌ఎస్‌యూ కాలేజీ నుంచి జెఫర్సన్‌ని తీసుకుంది. రేగర్ 2019లో 43 క్యాచ్‌లే పట్టాడు. క్వార్టర్‌బ్యాక్ కొత్తవాడు, బంతులు సరిగా రాలేదన్నది అందరూ చెప్పిన సమర్థన, అందులో నిజమూ ఉంది. జెఫర్సన్ అదే ఏడాది 111 క్యాచ్‌లు, 1,540 యార్డులు. అయినా అతని మీద అనుమానం: దాదాపు అన్నీ స్లాట్‌లో, అంటే లోపలివైపు నిలబడి పట్టినవే, బయటివైపు ప్రెస్ మీద గెలవగలడా అని. జవాబు అంతకుముందు ఏడాది ఫిల్మ్‌లోనే ఉంది. 2018లో అతను ఎక్కువగా బయటే ఆడి 54 క్యాచ్‌లు, 875 యార్డులు చేశాడు. చివరి సీజన్ ఒక్కటే చూసి తేల్చేసేవాళ్లకు ఈ దెబ్బ తగులుతూనే ఉంటుంది. మొదటి సీజన్‌లో జెఫర్సన్ 1,400 యార్డులు, రేగర్ 396. 2022లో ఆ రేగర్‌నే వైకింగ్స్ ట్రేడ్‌లో తెచ్చుకోవడం కొసమెరుపు.

ఇక ఫిబ్రవరి చివర ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్, అంటే డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లకు పెట్టే శారీరక పరీక్షలు. జనమంతా చూసేది 40 యార్డుల పరుగు. 2017లో జాన్ రాస్ 4.22 సెకన్లలో పరిగెత్తి అప్పటి రికార్డు బద్దలు కొట్టాడు, సిన్సినాటి అతన్ని 9వ ఎంపికగా తీసుకుంది, మొదటి సీజన్‌లో ఒక్క క్యాచ్ కూడా లేదు. గాయాలూ వెంటాడాయి. అదే డ్రాఫ్ట్‌లో 4.62 పరిగెత్తిన కూపర్ కప్ 69వ ఎంపిక దాకా మిగిలిపోయాడు, 2021లో 145 క్యాచ్‌లు, 1,947 యార్డులు, 16 టచ్‌డౌన్లతో మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడయ్యాడు. వేగం పనికిరాదని దీని అర్థం కాదు. 4.6 దాటినవాడు బయటివైపు ఆడాలంటే మిగతా పనులన్నీ అసాధారణంగా చెయ్యాలి, కప్ ఆ కోవలోవాడు. కప్ చదివిన ఈస్టర్న్ వాషింగ్టన్ రెండో అంచె కాలేజీ. అలాంటివాళ్ల విషయంలో సీజన్ మొత్తం పక్కనపెట్టి, పెద్ద జట్ల మీద ఆడిన ఒకటి రెండు ఆటలే చూడాలి. 2015లో ఓరిగన్ మీద అతను 15 క్యాచ్‌లు, 246 యార్డులు చేశాడు. ఆ ఫిల్మ్ అందరికీ అందుబాటులో ఉన్నదే.

కంబైన్‌లో నేను పట్టించుకునేవి వేరు. 40లో మొదటి 10 యార్డుల సమయం, మూడు కోన్ల చుట్టూ తిరిగే పరీక్ష. డీకే మెట్‌కాఫ్ 2019లో 228 పౌండ్ల బరువుతో 4.33 పరిగెత్తి అందరినీ నోరెళ్లబెట్టించాడు, మూడు కోన్ల పరీక్షలో మాత్రం 7.38 సెకన్లు తీసుకున్నాడు. 64వ ఎంపిక దాకా జారాడు. సియాటిల్ అతన్ని మెలికలు తిరిగే పనికి కాకుండా నేరుగా దూసుకుపోయే రూట్లకు వాడుకుని లాభపడింది. పరీక్ష తప్పు చెప్పలేదు, ఆ జవాబుని ఏ పనికి వాడాలో తెలిసిన జట్టుకే కలిసొచ్చింది. అరచెయ్యి కొలత కూడా తీస్తారు, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా. 9 అంగుళాల లోపు ఉంటే చెవులు నిక్కపొడుచుకోవాలి, అంతకుమించి దానికి విలువ ఇవ్వనక్కర్లేదు.

క్యాచ్‌ల గురించి రెండు ముక్కలు. అందే బంతుల్లో నూటికి అయిదు వదిలేయడం మామూలే, పది దాటితే కారణం వెతకాలి. బంతి చేతిలో పడకముందే పరుగుకి తిరిగిపోయి వదిలేస్తే అది దిద్దుకోగలిగిన అలవాటు. ప్రతి బంతినీ ఛాతీకి అదుముకుని పట్టేవాడిది మొండి జబ్బు. కాలేజీలో ఒక్క పాదం లోపల పడితే క్యాచ్, ప్రోలో రెండూ పడాలి. అవసరం లేకపోయినా సైడ్‌లైన్ దగ్గర రెండో కాలి మునివేళ్లు ఈడ్చేవాడు కనబడితే రాసిపెట్టుకోండి.

నాలుగో రౌండు తర్వాత తీసుకునేవాళ్ల లెక్కే వేరు. జట్టులో 53 మంది ఉన్నా ఆట రోజున దుస్తులు వేసుకునేది 48 మందికి మించరు. అయిదో రిసీవర్‌కి చోటు దొరకాలంటే పంట్ రిటర్న్ (ఎదుటి జట్టు తన్నిన బంతిని పట్టుకుని పరిగెత్తడం) చెయ్యాలి, లేదా తన జట్టు పంట్ వెంట పరిగెత్తి పట్టినవాడిని పడగొట్టాలి. ఇవేవీ కాలేజీలో చేయని కుర్రాడిని ఆరో రౌండులో తీసుకోమని నేనైతే చెప్పను.

డేటా పనుల్లో ఉన్న మనవాళ్లకు ఇందులో ఇంకో దారి ఉంది. ప్రో ఆటగాళ్ల షోల్డర్ ప్యాడ్లలో చిప్‌లు ఉంటాయి, సెకనుకి పదిసార్లు ఎవరెక్కడున్నారో నమోదవుతుంది. అందులో కొంత భాగాన్ని లీగ్ బిగ్ డేటా బౌల్ పోటీ కోసం బయటపెడుతుంది. అయితే కొత్తగా దిగినవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. బంతి వచ్చేసరికి రిసీవర్‌కీ కార్నర్‌కీ మధ్య ఎన్ని యార్డుల ఖాళీ అని లెక్కగట్టి, ఎక్కువున్నవాడే గొప్ప అనేస్తారు. ఎనిమిది యార్డులు వెనక నిలబడ్డ కార్నర్ ముందు చిన్న రూట్‌లో దొరికే ఖాళీ, కార్నర్ ఇచ్చిన దానం. ప్రెస్‌ని దాటి డిగ్‌లో సంపాదించిన ఒక్క యార్డు దానికి పదింతలు. రూట్‌ని బట్టి, కవరేజీని బట్టి విడదీయకపోతే ఆ మోడల్ స్లాట్ ఆటగాళ్లందరినీ నెత్తిన పెట్టుకుంటుంది.

పనిలోకి దిగాలనుకుంటే ఒక్కో రిసీవర్‌కి మూడు ఆటలు చాలు: ఒకటి అతను ఎదుర్కొన్న అత్యుత్తమ కార్నర్ మీద, ఒకటి ఘోరంగా విఫలమైనది, ఒకటి కిందటేడాదిది. హైలైట్ వీడియోలు చూడొద్దు, వాటిలో అందరూ దేవుళ్లే. కాగితం మీద అయిదు గడులు: ఎక్కడ నిలబడ్డాడు, ప్రెస్ ఉందా, ఏ రూట్, బంతి రాకముందే గెలిచాడా, ఆ తర్వాత ఏమైంది. నాలుగో గడి నింపేదాకా అయిదో గడి వైపు చూడొద్దు, క్యాచ్ పట్టాడని తెలిస్తే రూట్ బాగున్నట్టే అనిపిస్తుంది. గాయంతో ఆడని వారాలు విడిగా రాసుకోవాలి. పాదంలో అయిదో ఎముక విరగడం, మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంటు గాయం, పదే పదే పట్టేసే తొడ కండరం, ఈ మూడూ రిసీవర్ల విషయంలో జట్ల డాక్టర్లు గట్టిగా చూస్తారు, ఆ రిపోర్టులు మనదాకా రావు. ఎవరైనా ఉన్నట్టుండి రెండు రౌండ్లు కిందికి జారాడంటే అనుమానించాల్సినవాటిలో ఇదొకటి.