ఇడ్లీకి ఒక యూనిట్

1987 వేసవి సెలవుల్లో నాకు పన్నెండేళ్లు. మంచినీళ్ల కుండను నా వల్లే రోజుకు మూడుసార్లు నింపవలసి వచ్చేది. రాత్రి నాలుగైదు సార్లు లేస్తుంటే ఎండల ప్రభావమనుకున్నారు; లంగాలు వదులైతే ఎదిగే పిల్ల కదా అనుకున్నారు. వాంతులు మొదలై, ఊపిరి లోతుగా ఎగబోస్తూ మగతలోకి జారిన నాడు నాన్నగారు నన్ను తెనాలి దగ్గరి మా పల్లె నుంచి గుంటూరు తీసుకువెళ్లారు. నా నోటి నుంచి మాగిన పండు వాసన రావడంతోనే డాక్టరుగారు జబ్బును సగం పోల్చుకున్నారని అమ్మ చెప్పేది. ఇది టైప్ 1 మధుమేహమనీ, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నా రోగనిరోధక వ్యవస్థే నాశనం చేసిందనీ, తీపి తినడానికీ దీనికీ సంబంధం లేదనీ ఆయన ఎంత చెప్పినా, అమ్మ మాత్రం సంక్రాంతికి పెట్టిన అరిసెలనే తలుచుకుని చాలా ఏళ్లు కుమిలిపోయింది.

మా ఇంట్లో అప్పటికి ఫ్రిజ్ లేదు. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దాని మధ్య చిన్న ముంతలో ఇన్సులిన్ సీసా ఉంచేవారు. గాజు సిరంజిని, సూదిని మరిగించి వాడేవాళ్లం. ఉదయం లేవగానే అమ్మ పరీక్షనాళికలో చక్కెర తగిలితే రంగు మారే బెనెడిక్ట్ ద్రావణం 5 మి.లీ. పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, పట్టకారుతో పట్టుకుని స్పిరిట్ దీపం మీద మరిగించేది. నీలం నీలంగానే ఉంటే ఇంట్లో అందరి ముఖాలూ తేటపడేవి. ఆకుపచ్చ అయితే ఫరవాలేదు. పసుపు, నారింజ దాటి ఇటుక రంగు తేలిందంటే నాన్నగారు మాట్లాడకుండా పేపరు మడిచి లేచేవారు. ఆ మౌనానికి భయపడి ఒకటి రెండుసార్లు మూత్రంలో నీళ్లు కలిపాను కూడా. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే తప్ప మూత్రంలో కనబడదు కనుక, ఆ నీలం రంగు వెనుక 150 ఉందో 50 ఉందో చెప్పగలిగే సాధనం మా దగ్గర లేదన్న సంగతి చాలా కాలానికి గాని నాకు తెలియలేదు.

ఆ రోజుల్లో మోతాదు కాగితం మీద రాసి ఇచ్చినదే. పొద్దున వేసుకున్న పాలరంగు ఇన్సులిన్ మధ్యాహ్నానికి ఉధృతమవుతుంది కాబట్టి, ఆకలి ఉన్నా లేకపోయినా పదకొండు గంటలకు ఏదో ఒకటి తినాలి. తినకపోతే చేతులు వణికి, చెమటలు పట్టి, నల్లబల్ల మీద అక్షరాలు అలుక్కుపోయేవి. క్లాసులో అందరూ చూస్తుండగా బిస్కెట్ తీయడానికి సిగ్గుపడి, రెండుసార్లు బెంచీ మీదే ఒరిగిపోయాను. ఇన్సులిన్ నా తిండిని అనుసరించవలసింది పోయి, నేనే పదిహేడేళ్లు దాని వెంట పరుగెత్తాను.

నా పంతొమ్మిదో ఏట పెళ్లి మాటలు మొదలైనప్పుడు, సూది మాన్పించే ఆకు పసరు ఉందని ఒక బంధువు తీసుకువెళ్లారు. సూది మానేసిన మూడో రోజున మళ్లీ అదే పండు వాసన, అదే ఆయాసం, అదే సెలైన్ సీసా. పసరు ఇచ్చిన మనిషి మాకు పథ్యం సరిగా చేయలేదని చెప్పి పంపాడు. డబ్బు మాత్రం తిరిగి ఇవ్వలేదు. మా రకం మధుమేహంలో ఇన్సులిన్ మందు కాదు, అన్నం లాంటిది. జ్వరం వచ్చి ఏమీ తినలేని రోజున కూడా దాన్ని పూర్తిగా ఆపకూడదని ఆ వారం నాకు నేర్పింది.

అసలు మార్పు 2004లో వచ్చింది. కొత్త డాక్టరుగారు రోజంతా నిలకడగా పనిచేసే ఇన్సులిన్ రాత్రి ఒకసారి, వెంటనే పనిచేసేది ప్రతి భోజనానికి ముందు వేసుకోమన్నారు. నా తొడలు తడిమి చూసి, నొప్పి తెలియదని ఏళ్ల తరబడి పొడుచుకున్న చోట గట్టిపడిన గడ్డలు చూపించి, అక్కడ వేసిన ఇన్సులిన్ ఒక రోజు ఒంటికి పట్టి ఒక రోజు పట్టదని చెప్పారు. ఆ తరువాత వంటింటి త్రాసు ముందు కూర్చోబెట్టినంత పని చేశారు. నాకు 12 గ్రాముల పిండిపదార్థానికి ఒక యూనిట్ ఇన్సులిన్ సరిపోతుందని తేలింది. మా ఇంటి ఇడ్లీ ఒక్కొక్కటి సుమారు అంతే. లెక్కల టీచరునైన నాకు ఇంతకంటే సులువైన భాష ఎవరు చెబుతారు? పెసరట్టు నెమ్మదిగా ఎక్కుతుందని, నూనె దండిగా పోసిన పులిహోర తిన్న మూడు గంటలకు దెబ్బ తీస్తుందని తరువాత నేనే రాసుకున్నాను. రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే, పదికి పైన ఉండే హెచ్‌బీఏ1సీ ఏడాదిన్నరలో ఏడు దగ్గరికి వచ్చింది.

లెక్క వచ్చినదాన్నే అయినా ఒకసారి లెక్క తప్పాను. ఒక రాత్రి ఇన్సులిన్ వేసుకునే పెన్ను కింద పడి పగిలితే, పాత ఎర్రమూత సిరంజితో అందులోని ఇన్సులిన్ గొట్టమైన కార్ట్రిడ్జ్‌లోంచి పది గీతల మేర తీసి పొడుచుకున్నాను. ఆ సిరంజి మి.లీ.కు 40 యూనిట్ల సీసాల కోసం చేసినది, కార్ట్రిడ్జ్‌లో మి.లీ.కు 100 ఉంటాయి. ఆ గొట్టాన్ని తిరిగి పెట్టెలో పెట్టబోతూ, అందులో ఇన్సులిన్ తగ్గవలసిన దానికంటే ఎక్కువ తగ్గినట్టు చూసి గుండె ఝల్లుమంది: పది కాదు, ఇరవై ఐదు యూనిట్లు. మావారిని లేపి చెప్పాను. డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టే భోజనం చేసి, పావుగంటకోసారి వేలు గుచ్చుకుంటూ, గ్లూకోజు నీళ్లు తాగుతూ తెల్లవారుజాము దాకా కూర్చున్నాం. ఒక దశలో చక్కెర 58 చూపించింది. మర్నాడు ఇంట్లో మిగిలిన ఎర్రమూత సిరంజులన్నీ పారేయించాను.

పాత ఏళ్ల అప్పు కొంత కంటి దగ్గర తీర్చవలసి వచ్చింది. రెటీనాకు రెండు విడతలు లేజరు చేశారు. అప్పటి నుంచి ప్రతి సంవత్సరం కంటి పరీక్ష, మూత్రపిండాల కోసం మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష మానలేదు. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోవడం మా ఇంట్లో తలుపు గడియ వేయడం లాంటి పని అయిపోయింది. ఇప్పుడు భుజానికి అంటించుకున్న సెన్సారు చక్కెర ఎంత ఉందో మాత్రమే కాక, ఎటు పోతోందో కూడా బాణం గుర్తుతో చెబుతుంది. 110 పక్కన కిందికి తిరిగిన బాణం చూసినప్పుడల్లా అమ్మ స్పిరిట్ దీపం గుర్తుకు వస్తుంది.

పోయిన నెల మా వీధిలో తొమ్మిదేళ్ల పాపకు ఇదే జబ్బు అని తేలింది. వాళ్లమ్మ నోటు పుస్తకం పట్టుకుని వచ్చి, "దీనికి ఏమేం పెట్టకూడదో చెప్పండి టీచరుగారూ, రాసుకుంటాను" అని అడిగింది. పాప గుమ్మం దగ్గర నిలబడి నా భుజం మీది సెన్సారునే చూస్తోంది.

"పుస్తకం పక్కన పెట్టమ్మా," అన్నాను. "పొద్దున మీ ఇంట్లో చేసిన ఇడ్లీ ఒకటి మిగిలి ఉంటే పట్టుకురా, ముందు దాన్ని తూచి చూద్దాం."