మోకు చూశావా?

మా తాత పొద్దున్నే తాటితోపులో ఎదురుపడిన తోటి గీత కార్మికుణ్ణి "బాగుండావా" అని అడిగేవాడు కాదు. "మోకు చూశావా?" అనేవాడు. అవతలాయన "చూశాలే మావా" అన్నా వదిలేవాడు కాదు. ఆయన భుజాన ఉన్న మోకు, అంటే చెట్టెక్కే తాడు, తీసుకుని, రెండు చేతుల్తో సాగదీసి, ముడి దగ్గర గోటితో గీరి చూసి తిరిగిచ్చేవాడు. మాది కొత్తపట్నం దగ్గర సముద్రం పక్క ఊరు. ఉప్పుగాలికి తాడు ఎప్పుడు మెత్తబడుతుందో, ఎండకి ఎప్పుడు పెళుసెక్కుతుందో చెప్పలేం. మా పెదనాయన ఒకరోజు ఎవరిదో మోకు అడుక్కుని చెట్టెక్కాడు. నడుం విరిగి మూడు నెలలు మంచంలో ఉన్నాడు. ఆ తర్వాత తాత తప్ప మా ఇంట్లో ఎవరూ చెట్టెక్కలేదు. మా నాయన చీమకుర్తి గ్రానైట్ లారీల మీదికి పోయాడు. నేను చదువుకుని డల్లాస్ పోయి, అక్కడ విమానంలోంచి దూకడం మొదలుపెట్టాను.

"చెట్టు మీంచి పడతారని భయపడి చదివిస్తే ఇదేం పోయేకాలమే నీకు" అంది మా అమ్మ. వీడియో చూసేదాకా ఆమెకి తెలియదు. వీడియో పంపింది మా చిన్నాన్న కొడుకు. వాడితో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడను.

నేను దూకుతానని తెలిస్తే మనోళ్ళు మూడే అడుగుతారు. భయం వెయ్యదా? వేస్తుంది, ప్రతిసారీ. ఖర్చెంత? ఈ బ్లాగు మా అమ్మ కూడా చదువుతుంది, అందుకని రాయను. గొడుగు తెరుచుకోకపోతే? దీనికి మాత్రం తీరిగ్గా చెప్పాలి.

వీపు మీది సంచిలో ఉండేది ఒక పారాచూట్ కాదు, రెండు. రోజూ వాడే మెయిన్‌ని మనమే మడుచుకుంటాం. రెండోది రిజర్వ్. దాన్ని లైసెన్సున్న రిగ్గరే మడవాలి. అమెరికాలో 180 రోజులకోసారి దాన్ని విప్పి, దులిపి, కుట్టు కుట్టూ చూసి, మళ్ళీ మడిచి, ఎర్ర దారంతో సీలు వేసి కార్డు మీద సంతకం పెడతారు. ఇవిగాక సంచిలో ఒక చిన్న యంత్రం ఉంటుంది. నాది సైప్రెస్, 1991లో మార్కెట్లోకి వచ్చిన జర్మనీ సరుకు. మనం స్పృహ తప్పినా, ఎత్తు చూసుకోకపోయినా, 750 అడుగుల దగ్గర ఇంకా రాయిలా పడుతుంటే అదే రిజర్వ్ సంచిని మూసి ఉంచిన దారాన్ని కోసేస్తుంది. నేను దాన్ని నమ్ముతాను కానీ దానికి పని పడకుండా ఉండాలని ప్రతిసారీ దణ్ణం పెట్టుకుంటాను.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం భుజాల దగ్గర ఉండే మూడు రింగులు. బిల్ బూత్ అనే ఆయన 1970ల్లో కనిపెట్టాడు. పెద్ద రింగులోంచి మధ్య రింగు, మధ్య రింగులోంచి చిన్న రింగు, చిన్నదాని మీదుగా ఒక సన్నని దారపు ఉంగరం, ఆ దారంలో ఒక పసుపుపచ్చ తీగ. మనిషి బరువంతా పెద్ద రింగు మోస్తుంది. రింగు దాటేకొద్దీ ఆ బరువు తగ్గిపోయి, చివరికి దారం మీదికి వచ్చేది చాలా కొంచెం. ఆ తీగ లాగితే చాలు, రింగులు ఒకదాని వెంట ఒకటి జారిపోయి చెడిపోయిన గొడుగు మనల్ని వదిలేస్తుంది. మొదటిసారి విప్పి చూపించినప్పుడు నేను పదిసార్లు పెట్టి తీసి ఆడుకున్నాను. మా తాతకి చూపించాలనిపించింది.

విమానం ఎక్కేముందు చూసుకోవాల్సినవన్నీ మూడేసి. రెండు భుజాల మీదా మూడేసి రింగులు సరిగా ఉన్నాయా, మూడు పట్టీలు (ఛాతీకి ఒకటి, తొడలకి రెండు) బిగించామా, మూడు పిడులు వాటి చోట ఉన్నాయా. నేను మనసులో "మూడు మూళ్ళు తొమ్మిది" అనుకుంటూ తడుముకునేదాన్ని. మూడో తరగతిలో నేర్చుకున్న ఎక్కం టెక్సాస్‌లో పనికొస్తుందని ఎవరనుకున్నారు. ఇవి కాక వీపు వెనక సంచిని మూసి ఉంచే పిన్ను ఉంటుంది. అది మనకి కనపడదు. ఇంకొకరు మూత ఎత్తి చూడాల్సిందే.

ఇంతా తెలిసి కూడా నా 34వ జంప్‌లో ఏం చేశానో చెప్తాను.

ఆగస్టు నెల. టెక్సాస్ ఎండ ఎట్టా ఉంటుందంటే, మే నెల మధ్యాహ్నం ఒంగోలు బస్టాండు అనుకోండి. రిగ్ (పట్టీలతో సహా ఆ గొడుగుల సంచి) తగిలించుకుని బిగించుకున్నాక, ఇంధనం పొయ్యాలని విమానాన్ని ఆపారు. ఉక్కబోతకి ఛాతీ పట్టీ విప్పాను. పిలుపు రాగానే పక్కమ్మాయితో మాట్లాడుతూనే మళ్ళీ దూర్చుకున్నాను. ఆ బకిల్లో పట్టీని ఒకసారి దూర్చి, కదిలే కడ్డీ మీదుగా వెనక్కి మడిచి, మళ్ళీ లోపలికి దూర్చాలి. అప్పుడే అది కరుచుకుంటుంది. నేను ఒక్కసారే దూర్చి కొస లాగాను. చేత్తో చూస్తే బిర్రుగానే ఉంది. కానీ గొడుగు తెరుచుకునేటప్పటి కుదుపుకి ఆ పట్టీ ఆగదు, జారిపోతుంది. పట్టీ పోతే హార్నెస్‌లోంచి మనిషే జారిపోవచ్చు.

9,000 అడుగుల దగ్గర ఎదురు బెంచీ మీద పెద్దాయన నా వైపే చూస్తున్నాడు. అరవై దాటిన మనిషి, కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు, 4,000 జంపులు పైమాటే. వేలు నా ఛాతీ వైపు చూపించాడు. ఇంజను మోతలో ఏమీ వినపడదు. నాకు అర్థమయ్యేసరికి మొహం వేడెక్కింది. భయంతో అని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి సిగ్గుతో. విమానంలో పధ్నాలుగు మంది ఉన్నారు. నేను చేసేది టెస్టింగ్ ఉద్యోగం, పొద్దస్తమానం ఎదుటోళ్ళ తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని. నా తప్పు ఇంకొకరు అందరి ముందూ పట్టుకుంటే ఎట్టా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఆయన నా పట్టీ ముట్టుకోలేదు. నువ్వే చెయ్యి అన్నట్టు చెయ్యి తిప్పాడు. విప్పి మళ్ళీ దూర్చడానికి నాకు రెండుసార్లు పట్టింది, వేళ్ళు మాట వినలేదు. అయ్యాక ఆయన మోకాళ్ళ మీద అటు తిరిగి వీపు నాకు అప్పజెప్పి, భుజం మీదుగా "ఇప్పుడు నాది చూడు" అని అరిచాడు. మూత ఎత్తాను. పిన్ను మొత్తం లోపలికి ఉంది, దారం పీచు లేవలేదు, మూత మూశాను. భుజం తట్టాను. ఆయన "థాంక్స్" అన్నాడు, కొట్లో చిల్లర చేతిలో పెడితే అన్నట్టు. అంతే. దిగాక కూడా ఆ సంగతి ఎత్తలేదు. నేనే పోయి ఎత్తితే, "నా 200వ జంప్ అప్పుడు నాదీ ఇంకొకాయన చూశాడు" అని, చెంబుడు నీళ్ళు నెత్తిన పోసుకుని వెళ్ళిపోయాడు.

అందరూ ఇట్టాగే ఉంటారని మాత్రం అనుకోవద్దు. ఇంకో రోజు ఒక వీడియో తీసే కుర్రాడి సంచిలోంచి పైలట్ చూట్ (మెయిన్‌ని బయటికి లాగే చిన్న గొడుగు) పట్టీ బయటికి వేలాడుతోంది. విమానం తలుపు దగ్గర గాలికి అది ఎగిరితే మెయిన్ అక్కడే తెరుచుకుంటుంది, తోకకి చుట్టుకుంటే విమానంలో ఉన్న అందరికీ ఆపదే. నేను చూపించాను. "నాకు తెలుసు" అని విసుక్కున్నాడు. తెలిస్తే లోపల దోపుకోవచ్చు కదా. దోపుకున్నాడు, కానీ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం నేను కూడా మాట్లాడలేదు. ఇలాంటోళ్ళు మన తోపులోనూ ఉండేవాళ్ళు. తాత వాళ్ళ మోకులు కూడా లాక్కునేవాడు.

సొంత గొడుగు కొనుక్కోవడానికి ఆ లైన్‌మన్ తాతతోనే గొడవపడ్డాను. నేను 48 కిలోలు. రిగ్గూ బట్టలూ కలిపితే 60. అద్దె గొడుగులు నాకు మరీ పెద్దవి, గాలి కాస్త గట్టిగా వీస్తే ముందుకి పోకుండా వెనక్కి కొట్టుకుపోతాయి. శిక్షణలో ఉన్నోళ్ళని గంటకి 14 మైళ్ళ గాలి దాటితే దూకనివ్వరు. నాకైతే 10 మైళ్ళకే చాటలో పొట్టు లెక్క. అందుకని 135 చదరపు అడుగుల గొడుగు కొంటానన్నాను. పౌను బరువుకి ఒక చదరపు అడుగు అని లెక్క, అన్నీ కలిపి నా బరువు 132 పౌన్లు, లెక్క సరిపోయింది. ఆయన ఒప్పుకోలేదు. గొడుగు చిన్నదయ్యేకొద్దీ దారాలూ పొట్టివవుతాయి, నువ్వెంత తేలికైనా అది చిన్న కదలికకే గిర్రున తిరుగుతుంది అన్నాడు. తేలికైన ఆడపిల్లలకి లెక్క చూపించి చిన్న గొడుగులు అంటగడతారని ఆయన కోపం. పోట్లాడి, అలిగి, చివరికి వాడేసిన 170 ఒకటి కొన్నాను. గాల్లో మిగతావాళ్ళతో సమానంగా పడటానికి మాత్రం నడుముకి 4 కిలోల సీసం బెల్టు కట్టుకోవాల్సి వచ్చేది. అమ్మకి చెప్తే, "సీసం ఎందుకు, రెండు ముద్దలు ఎక్కువ తిను" అంది.

61వ జంప్‌లో ఆ 170 తోనే ప్రాణం మీదికి వచ్చింది. 13,500 అడుగుల నుంచి దూకి, నిమిషానికి కొంచెం తక్కువసేపు గంటకి 200 కిలోమీటర్ల వేగంతో పడి, 4,500 దగ్గర లాగాను. తెరుచుకుంది, తెరుచుకుంటూనే ఎడమకి తిరగడం మొదలెట్టింది. తల పైకెత్తుదామంటే దారాలు మెడ వెనక తాడులా పురిపడిపోయి ఎత్తనివ్వడంలేదు. కాళ్ళు తన్నాను, సైకిలు తొక్కినట్టు. ఎత్తు చూస్తే 2,900. ఇంకోసారి తన్నాను. 2,500 దగ్గర తేల్చుకోవాలని నేర్పారు. అంతవరకూ ఆగలేదు. కుడివైపు, మెయిన్‌ని వదిలేసే ఎర్ర పిడి చూశాను, లాగాను. ఒక్క క్షణం కడుపులో ఏమీ లేదు. రిజర్వ్‌ని తెరిచే ఎడమ పిడి కూడా లాగాను, ఈలోపే రిజర్వ్ నెత్తిమీద తెల్లగా విచ్చుకుంది. ఎంత నిశ్శబ్దమంటే, కింద ఎక్కడో ఆవు అరవడం వినిపించింది.

దిగింది ఒక పశువుల దొడ్డి పక్క. నడుచుకుంటూ రోడ్డెక్కేసరికి పికప్ వచ్చేసింది, వెనక ఆరుగురున్నారు. వాళ్ళు నన్ను ఎక్కించుకున్నాక వెనక్కి తిరిగిపోలేదు, నేను వదిలేసిన గొడుగు వెతకడానికి బయల్దేరారు. మెయిన్ ముళ్ళపొదల్లో దొరికింది. రిజర్వ్‌ని చుట్టి ఉండే సంచి మాత్రం పత్తిచేలో రెండు గంటలు వెతికితే, చీకటి పడుతుండగా, సెల్‌ఫోన్ లైట్లలో కనపడింది. మాట్లాడని వీడియో కుర్రాడికే దొరికింది. తెచ్చి నా ఒళ్ళో వేసి, "ఇక నీ వంతు" అన్నాడు. అక్కడో రివాజుంది: రిజర్వ్ నిన్ను దించితే, దాన్ని మడిచిన రిగ్గర్‌కి ఒక సీసా బాకీ. మొదటిసారి ఏం చేసినా అందరికీ బీరు బాకీ. కల్లుగీసే ఇంటి పిల్లని, తాగను, వరస తప్పకుండా కొనిపెట్టడంతోనే సరిపోయింది. రిగ్గరమ్మకి విస్కీతోపాటు మా అమ్మ పంపిన ఆవకాయ కూడా ఇచ్చాను. వారం తర్వాత విస్కీ సంగతి ఎత్తలేదు, ఆవకాయ ఇంకో సీసా ఉందా అని అడిగింది.

నా గొడుగు ఎందుకు తిరిగిందో ఆమే కనిపెట్టింది. మడిచేటప్పుడు కుడి బ్రేకు పిడిని దాని గూట్లో సరిగా దోపలేదు. తెరుచుకునే కుదుపుకి ఊడిపోయింది, ఒక వైపు బ్రేకుతో, ఒక వైపు లేకుండా అది గిర్రున తిరిగింది. మడిచింది నేను. విమానం ఎక్కమని పిలుస్తుంటే తొందరపడి మడిచాను. ఆ సాయంత్రం కొత్తగా చేరిన పిల్లల ముందు ఈ మాట నన్నే చెప్పమన్నారు. ఈసారి మొహం వేడెక్కలేదు అని చెప్పను గానీ, చెప్పాను.

పోయిన ఏడాది ఆగస్టులో, 2025లో, ఊరొచ్చేశాను. వచ్చిన వారానికే శ్రీహరికోట దగ్గర ఇస్రో వాళ్ళు గగన్‌యాన్ కోసం 5 టన్నుల దాకా ఉన్న నమూనాని చినూక్ హెలికాప్టర్‌తో 3 కిలోమీటర్ల ఎత్తుకి తీసుకెళ్ళి వదిలారు, పారాచూట్లు పరీక్షించడానికి. తాత ఆ వార్త టీవీలో కళ్ళు చికిలించి చూసి, "దానికి మోకు ఎవరు చూశారంట?" అన్నాడు.

రిగ్ నాతోనే వచ్చింది. రిజర్వ్ తేదీ దాటిపోయింది కాబట్టి దాంతో ఇప్పుడు దూకను. అయినా చెయ్యి మరిచిపోకుండా మెయిన్ మడుస్తుంటాను, ఎండ తగిలితే బట్ట పాడవుతుందని నడవాలో, మిరపకాయలు ఆరబోసే పట్టా పరిచి. మొన్నట్టా మడుస్తుంటే తాత గోడకి ఆనుకుని వచ్చి కూచున్నాడు. ఎనభై దాటాయి, చెట్టెక్కి పదకొండేళ్ళవుతోంది. రిగ్ తొడుక్కోమన్నాడు. ఛాతీ పట్టీ బకిల్ తిరగేసి, గోటితో మడత వెతికి, ఉందని తేల్చుకుని వదిలాడు. మూడు రింగులూ పెట్టి తీశాడు, నేను ఆడుకున్నట్టే. తర్వాత దూలానికి వేలాడే తన మోకు తీసిమ్మన్నాడు. తీశాను. "చూడు" అన్నాడు.

రెండు చేతుల్తో సాగదీశాను. ముడి దగ్గర గీరితే పొడి రాలింది. లోపలి పురులు నల్లబడి, ఒకటి నా వేళ్ళలోనే తెగింది. ఆయన దాన్ని పొద్దున్నే లేవగానే ఒకసారి చూసి దణ్ణం పెట్టుకుంటాడు. జేజి వంటింట్లోంచి చూస్తోంది. ఏం చెప్పాలో తెలియక మోకుని అటూ ఇటూ తిప్పాను.

చివరికి, "ఇది పోయింది తాతా" అన్నాను.

"ఎప్పుడో పోయింది, నాకు తెలుసు" అన్నాడు. "చెప్పడానికి ఇంతసేపా?"